పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: స్కూల్ లైబ్రరీకి సాంఘిక చరిత్ర పుస్తకాలు వచ్చాయి, ఇప్పుడేం చేద్దాం?

పోయిన నెల ఈ పేజీలో, స్కూల్ లైబ్రరీలకి కథల పుస్తకాలు క్విజ్ పుస్తకాలే కాకుండా సాంఘిక చరిత్ర మీద, అంటే మామూలు జనం ఎలా బతికారో చెప్పే చరిత్ర మీద, మంచి రిఫరెన్స్ పుస్తకాలు కూడా కొనండి అని నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయనుకోలేదు, అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. అడిగినవాళ్ళ పేర్లు వేయట్లేదు.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ హైస్కూల్. పాత విద్యార్థులు చందాలు వేసుకుని సాంఘిక చరిత్ర పుస్తకాల సెట్ కొనిచ్చారు, అన్నీ అట్టబైండింగ్ లావు పుస్తకాలు. హెచ్ఎం గారు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేసేశారు, పోతే ఎవరు కడతారు అంటున్నారు. రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వకూడదు అనేది రూలే కదా, మరి పిల్లలు ఎప్పుడు చూడాలి? – ఒక సోషల్ టీచర్, పల్నాడు జిల్లా

టీచర్ గారూ, హెచ్ఎం గారి భయం ఊరికే కొట్టిపారేసేది కాదు, ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. కానీ ఇంటికివ్వకూడదు అనే రూల్ ఎందుకొచ్చిందో ఆయనకి నెమ్మదిగా చెప్పండి. ఎవరో ఒకరు పట్టుకెళ్ళిపోతే మిగతావాళ్ళకి దొరకదు కాబట్టి అది ఎప్పుడూ లైబ్రరీలోనే, అందరి చేతికీ అందేలా ఉండాలి అని ఆ రూల్ పెట్టారు, తాళం వేయడానికి పెట్టలేదు. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి 5 సూత్రాలు రాస్తే మొట్టమొదటిది పుస్తకాలు వాడకానికే అని. మన తెలుగువాళ్ళకైతే ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు కూడా, 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టుకున్న జనం మనం, 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి వైపు కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. నీళ్ళలో పడతాయేమో అనుకుని ఆయన ఇంట్లోనే పెట్టుకోలేదు కదండీ. మీ జిల్లాకి పక్కనే జరిగిన సంగతి ఇది.

చేయాల్సింది ఏంటంటే, సెట్ మొత్తం ఒకేసారి బయట పెట్టమని అడగొద్దు, వారానికి 5 పుస్తకాలు అడగండి. లైబ్రరీ పీరియడ్‌లో ఒక పొడుగు బల్ల మీద పరిచి పెట్టండి, 8, 9 తరగతుల నుంచి ఇద్దరు పిల్లలకి ఆ బల్ల బాధ్యత ఇవ్వండి, ఎవరు ఏ పుస్తకం ఏ పేజీ చూశారో ఒక నోట్‌బుక్‌లో రాయించండి. నెల తిరిగేసరికి ఆ నోట్‌బుక్కే హెచ్ఎం గారికి మీ తరఫున మాట్లాడుతుంది. పుస్తకం పోవడం సంగతి అటుంచండి, అసలు తెరవని పుస్తకానికి చెదలు పడితే అప్పుడు ఎవరు కడతారు?

ఇంకోటి, మొదటి రోజే పిల్లల చేతికి లావు పుస్తకం ఇచ్చి చదవండి అంటే చదవరు. నేను సోషల్ చెప్పినన్నాళ్ళూ చూసింది ఇదే. ముందు వాళ్ళని ఒక ప్రశ్న తెమ్మనండి, మా తాతల కాలంలో చెప్పులు అందరూ వేసుకునేవాళ్ళా, బస్సులు లేనప్పుడు పెళ్ళివాళ్ళు ఎలా వెళ్ళేవాళ్ళు, ఇలాంటివి ఏవైనా సరే. ఆ ప్రశ్నకి జవాబు ఈ 5 పుస్తకాల్లో ఎక్కడుందో వెతకమనండి. వెనకాల పదసూచి ఉంటుంది, ముందు విషయసూచిక ఉంటుంది, వాటితో ఎలా వెతకాలో నేర్పించడమే మీ పాఠం. పుస్తకం మొత్తం చదవనక్కర్లేదు అని చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది.

ప్రశ్న: నేను 9వ తరగతి. రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు గుర్తుపెట్టుకోవడమే కష్టంగా ఉంది, ఇప్పుడు సాంఘిక చరిత్ర కూడా చదవమంటున్నారు. ఇది పరీక్షలో వస్తుందా? రాజుల చరిత్రకీ దీనికీ తేడా ఏంటి? – ఒక విద్యార్థిని, గుంటూరు జిల్లా

పరీక్షలో నేరుగా వచ్చేది తక్కువేనమ్మా, అబద్ధం చెప్పను. కానీ ఒక చిన్న పని చెయ్యి. ఈ రోజు మీ ఇంట్లో ఏం వండారో రాసుకో, అందులో మిరపకాయ, టమాటా, ఆలుగడ్డ, వేరుశెనగ ఏవున్నాయో చూడు. ఆ నాలుగూ మన నేలవి కావు, అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. వాస్కో డ గామా కేరళ తీరానికి వచ్చింది 1498లో, పోర్చుగీసు వాళ్ళు గోవా పట్టుకుంది 1510లో, మిరపకాయ వాళ్ళ ఓడల్లోనే మన దేశానికి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు గద్దె మీద ఉన్నది 1509 నుంచి 1529 దాకా. అంటే రాయలవారి వంటింట్లో కారం అంటే ప్రధానంగా మిరియమే, ఇప్పుడు దేశం మొత్తానికి మిర్చి అమ్మే మీ గుంటూరులో అప్పుడు మిరప తోటే లేదన్నమాట! రాయలు ఎన్ని కోటలు గెలిచాడో రాజుల చరిత్ర చెప్తుంది, ఆ కాలంలో మామూలు మనిషి ఏం తిన్నాడు, ఏం కట్టాడు, ఎవరికి పన్ను కట్టాడు, కరువొస్తే ఎటు పోయాడు అనేది సాంఘిక చరిత్ర చెప్తుంది. నువ్వు గుర్తుపెట్టుకోలేకపోతున్న ఆ సంవత్సరాలు కూడా ఇలా మిరపకాయతో కలిపితే వాటంతటవే గుర్తుంటాయి చూడు.

మరి శాసనాల్లో రాజుల దానాలే ఎక్కువ ఉంటాయి, మామూలు జనం సంగతులు ఎక్కడి నుంచి తెలుస్తాయి అని నీకు డౌట్ రావాలి. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు ఎక్కువగా కావ్యాలు వెతికారు. క్రీడాభిరామం అని ఒక పాత పద్యాల పుస్తకం ఉంది, అందులో ఓరుగల్లులో ఒక పూటకూళ్ళ ఇంటి భోజనం వస్తుంది. ఒక్క రూకకి మంచి సన్నన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. హోటల్ మెనూ కార్డ్ అంత స్పష్టంగా ఉంటుంది ఆ పద్యం. దాన్నిబట్టి ఆ ఊళ్ళో డబ్బులిచ్చి భోంచేసే ఇళ్ళు ఉన్నాయని, బయటి ఊళ్ళ నుంచి జనం వచ్చిపోయేవాళ్ళని, రూక అనే నాణెం చలామణిలో ఉందని ఇన్ని సంగతులు తెలుస్తాయి.

దాని పక్కనే శ్రీనాథుడిది అని చెప్పే చాటువు, అంటే జనం నోట నిలిచిన విడి పద్యం, పెట్టి చూడు. పల్నాడులో జొన్న కలి, జొన్న అంబలి, జొన్నన్నమే తప్ప సన్నన్నం సున్నా అంటాడు. ఇది చదివి పల్నాడు వాళ్ళంతా బీదవాళ్ళు అనేసుకోకూడదు. వరి అన్నం అలవాటైన ఒక ఆస్థాన కవి జొన్న తినే మెట్ట ప్రాంతానికి వెళ్ళి విసుక్కున్నాడు, ఆ విసుగులోంచి మనకి ఒక నిజం దొరికింది, అక్కడ పండేది జొన్న అని. జొన్న తినేవాళ్ళు తమ తిండి గురించి ఏమనుకున్నారో మాత్రం ఆ పద్యంలో లేదు. ఎవరు చెప్తున్నారు, ఎక్కడ నిలబడి చెప్తున్నారు అని అడగడం నేర్చుకుంటే చాలమ్మా, అది ఏ పరీక్షకైనా పనికొస్తుంది.

ప్రశ్న: మేము ఎరుకల వాళ్ళం. మా బాబు 8వ తరగతి, స్కూల్ లైబ్రరీకి కొత్తగా వచ్చిన ఒక ఇంగ్లీష్ సెట్‌లో మన కులం గురించి ఏముందో చూద్దామని తెరిచాడంట, నేరాలు చేసే జాతి అన్నట్టు రాసి ఉంది. తోటి పిల్లలు కూడా చూశారు. వాడు రెండు రోజులు బడికి పోనన్నాడు. అలాంటి పుస్తకాలు బడిలో ఎందుకు పెడతారు? – ఒక తల్లి, ప్రకాశం జిల్లా

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మీ బాబుకి ముందు ఈ మాట చెప్పండి, ఆ రాసింది తప్పు, అది మీ గురించిన నిజం కాదు, ఆ రోజుల్లో సర్కారు మీ మీద వేసిన ముద్ర.

మీరు చెప్పిన దాన్నిబట్టి అది ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వేసిన 7 సంపుటాల సెట్ అయి ఉండాలి. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్, మనుషుల తలలు ముక్కులు కొలిచి జాతుల లెక్కలు వేసిన కాలం అది. 1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది, 1911లో దాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా అమలు చేశారు. ఆ చట్టం ప్రకారం ఏ నేరమూ చేయని మనిషి కూడా ఆ కులంలో పుట్టినందుకే పోలీసు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది, అందుకే ఆ జాబితాలో ఉన్నవాళ్ళని విముక్త జాతులు అంటారు.

మరి మీ పెద్దవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళు? మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి డిజానర్డ్ బై హిస్టరీ అనే పుస్తకంలో ఇదంతా వివరంగా రాశారు. తమిళంవైపు కొరవలు అని పిలిచే మీ వాళ్ళు గాడిదలు, ఎడ్ల మీద తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం మోసుకెళ్ళి అమ్మే వ్యాపారులు, రోడ్డు లేని ఊళ్ళకి ఉప్పు అందించింది వాళ్ళే. సర్కారు ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టుకుంది, రైళ్ళు వచ్చాయి, కరువులొచ్చాయి, ఆ వ్యాపారం కూలిపోయింది, తిరిగే మనుషుల్ని చూస్తే అనుమానపడే ప్రభుత్వం వాళ్ళ మీద నేరస్థులని ముద్ర వేసింది. మీ బాబు తెలుసుకోవాల్సింది ఈ చరిత్ర.

ఇక బడివాళ్ళకి నేను చెప్పేది. పాత పుస్తకం తగలబెట్టమని అనను, పరిశోధన చేసేవాళ్ళకి అది కావాలి, ఒక ప్రభుత్వం జనాన్ని ఎలా చూసిందో దానికి అదే సాక్ష్యం. కానీ 8వ తరగతి పిల్లల బల్ల మీద ఒంటరిగా పెట్టే పుస్తకం అది కాదు. టీచర్ల ర్యాక్‌లో ఉండాలి, లోపలి అట్ట మీద ఒక చీటీ అతికించాలి, ఎప్పుడు రాసింది, ఎవరి కోసం రాసింది, అందులో ఏది తప్పు అని. పిల్లలకి చూపిస్తే టీచర్ పక్కనుండి, మీనా రాధాకృష్ణ లాంటి వాళ్ళ పుస్తకం పక్కన పెట్టి చూపించాలి. అంతకంటే ముందు ఆ క్లాసులో మీ బాబు ముందు టీచర్ లేచి నిలబడి ఇది తప్పు అని అందరికీ చెప్పాలి. మీరు వెళ్ళి అడగండమ్మా, అది మీ హక్కు. ఈ పేజీ చింపి పట్టుకెళ్ళండి.

ప్రశ్న: సమగ్ర శిక్ష లైబ్రరీ గ్రాంట్ కింద కొంత డబ్బు వచ్చింది. సాంఘిక చరిత్ర కోసం ఏం కొనాలి? కొన్నాక ఎక్కడ సర్దాలి? చరిత్ర, సంస్కృతి, ఆత్మకథలు అని తలో చోటా పోతున్నాయి. – లైబ్రరీ ఇన్‌చార్జ్ టీచర్, నల్గొండ జిల్లా

ఆ గ్రాంట్ బడి స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 వరకు ఉంటుంది కాబట్టి ఒక్క ఏడాదిలో అన్నీ కొనేద్దాం అనుకోకండి. మొట్టమొదట సురవరం వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర, 1949లో వచ్చింది, తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దానికే ఇచ్చారు. 2 కాపీలు కొనండి, ఒకటి రిఫరెన్స్‌కి, ఒకటి ఇంటికివ్వడానికి. అయితే ఆయన రాసి 70 ఏళ్ళు దాటింది, ఆయన చేతిలో ఉన్నవి ఎక్కువగా కావ్యాలు, కాబట్టి ఆడవాళ్ళ మాట, దళితుల మాట వాళ్ళ నోటి నుంచే వినాలంటే వేరే పుస్తకాలు కావాలి. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర తప్పకుండా ఉండాలి, మీ నల్గొండ జిల్లాకైతే మరీనూ, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించి రాసిన పుస్తకం అది. వై.బి. సత్యనారాయణ గారి మా నాయన బాలయ్య, ఒక దళిత కుటుంబం మూడు తరాల పాటు రైల్వే పనిలో, చదువులో ఎలా నిలదొక్కుకుందో ఉంటుంది, 9, 10 తరగతుల పిల్లలు సొంతంగా చదువుకోగలరు. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర, 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ వెళ్ళొచ్చిన మనిషి దారి పొడుగునా ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, బోయీల కూలి సంగతులేంటో రాసుకుంటూ పోయాడు, కొన్ని పేజీలు క్లాసులో చదివి వినిపించండి, పిల్లలు వదలరు.

వీటిలో పాతవి, కాపీరైట్ దాటినవి, వికీసోర్స్‌లో ఆర్కైవ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ముందు అక్కడ చూసి తర్వాత డబ్బు ఖర్చు పెట్టండి. గైడ్ లాగా ప్రశ్నలు జవాబులు ఉండే పుస్తకాలు, రాసినవాళ్ళ పేరు లేనివి, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పనివి, పదసూచి లేని లావు పుస్తకాలు, ఇవి డిస్కౌంట్ ఎంతిచ్చినా వద్దు.

సర్దడం గురించి మీరు చెప్పింది నిజమే. డ్యూయీ పద్ధతిలో, అంటే విషయానికో నంబర్ ఇచ్చి, పెడితే చరిత్ర 954లోకి, ఆచారాలు 390లోకి, కులం స్త్రీలు లాంటివి 305లోకి, తిండి 641లోకి, జీవిత చరిత్రలు 920లోకి పోతాయి, పిల్లాడికి ఒక్క విషయం కోసం గది అంతా తిరగాల్సొస్తుంది. నంబర్లు మార్చొద్దు, దాని బదులు ఒక చెక్కపెట్టెలో కార్డులు పెట్టండి. ఒక్కో కార్డు మీద ఒక్కో మాట, కరువు, పెళ్ళి, బట్టలు, వలస, వెట్టి, సంత, అంటురోగం. ఏ పుస్తకంలో ఏ పేజీలో దాని గురించి ఉందో చూసినవాళ్ళు ఆ కార్డు మీద రాయాలి, పిల్లలే రాయాలి. కరువు కార్డు తీస్తే నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో గుంటూరు సీమని ఊడ్చేసిన కరువు, 1876లో మొదలైన ధాత కరువు, మధ్యలో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేయడం, అన్నీ వేరువేరు పుస్తకాల నుంచి ఒక్క కార్డు మీదికి వస్తాయి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం, మా ఊరి బడికి పుస్తకాలు పంపాలనుకుంటున్నాం. ఇక్కడి నుంచి పంపమంటారా?

వద్దండీ, అక్కడి నుంచి పంపే ఖర్చుతో ఇక్కడ రెండింతల తెలుగు పుస్తకాలు వస్తాయి. ముందు టీచర్లకి ఫోన్ చేసి ఏం ఉన్నాయో, ఏం లేవో అడగండి, తర్వాత హైదరాబాద్, విజయవాడ పబ్లిషర్ల దగ్గర కొని బడికే పంపించమనండి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు 1980 నుంచి ఇలాంటి పుస్తకాలే తెస్తున్నారు. పుస్తకాలతో పాటు ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక ట్యూబ్‌లైట్ కూడా కొనివ్వండి, చాలా బడుల్లో లేనిది అదే.

ప్రశ్న: మా ఆశ్రమ పాఠశాలలో అందరూ గోండు, కోలాం పిల్లలు. కొత్త పుస్తకాల్లో కాకతీయులు, విజయనగరం, కుతుబ్‌షాహీలు అన్నీ ఉన్నాయి, మా పిల్లల తాతలు మాత్రం ఎక్కడా కనపడట్లేదు. ఏం చేయాలి? – ఒక టీచర్, ఆసిఫాబాద్ జిల్లా

సార్, ఈ పేజీకి వచ్చిన వాటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచనలో పెట్టింది మీ ప్రశ్నే. పుస్తకాలు అసలు లేవని కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని చంపేశాక నిజాం ప్రభుత్వం అసలీ అడవిలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తని పెట్టుకుంది. ఆయన, భార్య బెట్టీ, మీ జైనూరు పక్కన మార్లవాయిలో గోండుల మధ్యనే ఉన్నారు, గోండీలో వాచకాలు తయారుచేయించి టీచర్లకి అక్కడే శిక్షణ ఇప్పించారు, కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు, అంటే అధికారులు గిరిజనుల సమస్యలు వినే సభ, పెట్టించింది కూడా ఆయన సలహాతోనే. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, లావుగా ఉంటుంది, పిల్లలు చదవలేరు, మీరు చదివి వాళ్ళకి చెప్పాలి. చెప్పేటప్పుడు ఆయన నిజాం సర్కారు పిలిస్తే వచ్చిన మనిషి అన్నది కూడా చెప్పండి.

ఇంకో మంచి చోటుంది, చాలామంది టీచర్లకి తెలీదు. 1961 జనాభా లెక్కలప్పుడు సెన్సస్ వాళ్ళు జిల్లాలవారీగా జాతరలు, పండగల మీద విడిగా సంపుటాలు వేశారు, కొన్ని ఊళ్ళని ఎంచుకుని ఊరి మొత్తం జీవితం మీద మోనోగ్రాఫులు వేశారు. జిల్లా సెన్సస్ పుస్తకాల్లో ఏ ఊళ్ళో బడి, బావి, రోడ్డు ఎప్పటికి వచ్చాయో లెక్కలుంటాయి. మీ మండలం ఊళ్ళు అందులో వెతికి ఆ పేజీలు ప్రింట్ తీసి లైబ్రరీలో పెట్టండి. కోస్తా, రాయలసీమ టీచర్లకైతే మెకంజీ కైఫియత్తులున్నాయి, అంటే మెకంజీ దొర పోగుచేయించిన ఊళ్ళ చరిత్రలు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కరణాల్ని పెద్దల్ని అడిగి రాయించినవి, కడపలో సి.పి. బ్రౌన్ కేంద్రం వాళ్ళు ఆ జిల్లావి అచ్చు వేశారు.

మిగిలినది మీ పిల్లలే తయారుచేయాలి. గోండుల చరిత్ర వాళ్ళ కథలు పాడే పర్ధాన్లు కిక్రీ అనే తీగ వాయిద్యం వాయిస్తూ పాడే పాటల్లో ఉంది, అది ఏ బీరువాలోనూ లేదు. సెలవుల్లో పిల్లలు ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేయమనండి, పాడిన పెద్దాయన్ని ముందే అడిగి, ఆయన ఒప్పుకుంటేనే. గోండీ మాటలు తెలుగు లిపిలో ఉన్నవున్నట్టు రాయించండి, కింద తెలుగులో అర్థం రాయించండి, పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ, రాసిన పిల్లాడి పేరు వేయించండి. దాన్ని కుట్టి అట్ట వేసి మీ యాక్సెషన్ రిజిస్టర్‌లో కొన్న పుస్తకాలకి ఇచ్చినట్టే నంబర్ ఇచ్చి, సురవరం వారి పుస్తకం ఏ ర్యాక్‌లో ఉందో ఆ ర్యాక్‌లోనే పెట్టండి. మొదటిది తయారయ్యాక నాకు ఒక కాపీ పంపండి సార్, పాడిన ఆయన, రాసిన పిల్లలు సరేనంటే ఈ పేజీలో నాలుగు పంక్తులు వేసుకుంటాను.